మొదటి చరణం మన మీదే

మా మరిది కాలేబుని ఎవరైనా జోకర్ అంటే నేను ఊరుకోను. ఆ మాట అనే హక్కు ఈ భూమ్మీద నా ఒక్కదానికే ఉంది. నేను గుంటూరు నుంచి సికింద్రాబాదుకి కోడలిగా వచ్చేనాటికి అతను నిక్కరేసుకుని తిరిగే పిల్లాడు. ఆకలేస్తే అందరిలా అన్నం పెట్టమని అడిగేవాడు కాదు. పళ్ళెం బోర్లించి, దాని మీద దరువేస్తూ పాట కట్టి అడిగేవాడు. ఇప్పుడు అరవై దాటాయి. తల నున్నబడింది గానీ పాట ఆగలేదు. నేరేడ్‌మెట్‌లో ఒకే ఇంట్లో కింద మేము, పైన అతని కుటుంబం ఉంటుంది. పైన అతను గొంతు సవరించుకుంటే చాలు, కింద మా ఆయన సామ్యూల్ టీవీ సౌండు పెంచుతారు.

కాలేబు ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అది పొట్టకోసం. సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో పాడేవాడు. పాడేవాడంటే, పెద్ద సింగర్లు సినిమా పాటలు పాడి టీ తాగడానికి వెళ్ళినప్పుడు జనం లేచిపోకుండా ఇతన్ని మైకు ముందుకి తోసేవారు. ఇతను రెండు కామెడీ పాటలతో హాలంతా నవ్వించేసరికి వాళ్ళ టీ అయిపోయేది, ఇతను దిగిపోయేవాడు. కార్ఖానా నుంచి యాప్రాల్ దాకా అతను ఎక్కని స్టేజీ లేదు. పోస్టర్ల మీద మాత్రం అతని పేరు ఎప్పుడూ పడలేదు. పెద్ద సింగర్ల పేర్ల కింద చిన్నక్షరాలతో 'మరియు బృందం' అని ఉండేది చూశారూ, అందులో మా కాలేబు ఉండేవాడు. నలభై ఏళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అతనికి మండేదో లేదో, ఏనాడూ బయటపడలేదు.

అతని పాటలకి ఒక కట్టుబాటుంది. మా మామగారు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేవారు. చిన్నప్పుడు కాలేబు సంఘపెద్ద నడకని వెక్కిరిస్తూ పాట కట్టాడట. మామగారు కొట్టలేదు. "గురివింద గింజలా బతకకురా. నీ నలుపు ముందు నువ్వు పాడుకో, తర్వాత ఎవరి మీదైనా పాడు" అన్నారట. అప్పట్నుంచి ఎవరిని వెక్కిరించినా సరే, మొదటి చరణం తన మీద గానీ మా ఇంటి మీద గానీ ఉండాల్సిందే. పాట పూర్తికాగానే మా వంటింటి గుమ్మంలో నిలబడి వినిపిస్తాడు. నేను గరిటె పక్కనపెట్టి నవ్వితే పాట పాసైనట్టు. నవ్వు రాకపోతే మారు మాట్లాడకుండా పైకెళ్ళి మళ్ళీ రాస్తాడు.

కిందటి ఈస్టర్ తర్వాత అతని కూతురు హదస్సా యూట్యూబ్‌లో ఛానల్ తెరిచింది. "డాడీ, స్టేజీలు పోయినయ్, ఫోన్లు వచ్చినయ్. ఇగ నువ్వు షురూ చెయ్" అంది. ఇక చూడాలి ఆ ఏడాది! పిల్లకాలవకి గండి పడ్డట్టు, నెలకొక పాట వదిలాడు, ఒక్కో నెల రెండు కూడా. పార్టీలు మారేవాళ్ళ మీద కండువా పాట కట్టాడు. మొదటి చరణం తన బట్టతల మీద:

తల మీది ఎంటికలేమో రాజీనామ జేసినయ్
దువ్వెన మాత్రం ఇంక పదవిల్నే ఉన్నది

ఆ తర్వాత అసలు సంగతి:

పొద్దున ఒక కండువ, మాపటికింకో కండువ
ఏ రంగుల ఉతకాలె, ధోబీ పరేషాను

వాన పడితే చెరువులయ్యే రోడ్ల మీద ఒకటి, ఓట్లప్పుడు కాళ్ళు మొక్కి తర్వాత ఫోనెత్తనివాళ్ళ మీద ఒకటి, నీళ్ళ ట్యాంకర్ మీద ఒకటి వచ్చాయి. ట్యాంకర్ పాటలో మొదటి చరణానికి నా పులిహోర బలైంది. చింతపండు రేటు చూసి మా వదినె పులుపు మర్చిపోయిందని ఊరంతా పాడారు. నన్ను కూరగాయల బండివాడు కూడా ఆట పట్టించాడు. అన్ని పార్టీలవాళ్ళూ కాలేబుని తిట్టారు, అన్ని పార్టీలవాళ్ళూ ఆ పాటలు పక్క పార్టీవాళ్ళకి పంపుకున్నారు. నేను మాత్రం తలెత్తుకుని బజారుకి వెళ్ళాను.

ఈ ఫిబ్రవరిలో మా కాలనీ సంఘంవాళ్ళు అతనికి సన్మానం తలపెట్టారు. కాలనీ మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. శాలువా కప్పుకుని, చేతులు జోడించి కాలేబు. కింద 'హాస్య గాన సింహం' అని ఇంతింత అక్షరాలు. 'మరియు బృందం'లో బతికిన మనిషికి మొదటిసారి సొంత ముఖం దొరికింది. పొద్దున పాల ప్యాకెట్ కోసమని వెళ్ళి చూసొచ్చేవాడు, మధ్యాహ్నం పెరుగు కోసమని, సాయంత్రం కొత్తిమీర కోసమని. ఆ వారం మా ఇంట్లో కొత్తిమీర వాడలేక చచ్చాం. నేనూ వెళ్ళి చూశాను. చూసి కళ్ళు తుడుచుకున్నాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

సరిగ్గా ఆ వారమే ఫ్లెక్సీల పాట వదిలాడు. అది మా లీడర్ ధర్మరాజు మీద. ఏ పార్టీ అని అడక్కండి, ఈ వారం సంగతి నాకు తెలీదు. నేను టీచరుగా చేసినప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివాడు. అప్పుడూ ముందు బెంచీలోనే కూర్చునేవాడు, చదువుకోసం కాదు, అందరికీ కనపడ్డానికి. అతని పుట్టినరోజుకి మా బస్టాపు బోర్డు మూసుకుపోయేలా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఫ్లెక్సీ కట్టి, పుట్టినరోజు పోయినా దాన్ని తీయలేదు. కాలేబు కట్టిన పాట ఇది:

అన్న పుట్టిన దినం, బస్టాపు పోయిన దినం
బస్సు యాడ ఆగుతదో అన్న పండ్లనడుగు

జనం విరగబడి విన్నారు. కానీ మొదటి చరణం లేదు! మొదట్లోనే అసలు మనిషి రాకపోతే జనం వేలితో తోసేసి ఇంకో వీడియోకి పోతారని హదస్సా అందట, ఈయన సరేనన్నాడట. నా వంటింటి గుమ్మానికి కూడా రాలేదు. పాట నేను కూరగాయల బండివాడి ఫోన్లో విన్నాను. పాట బాగుంది, కోపం మాత్రం దిగలేదు. రెండ్రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ ఆదివారం మేము చర్చి నుంచి వచ్చి కూర్చున్నాం. ధర్మరాజు ఇద్దరు కుర్రాళ్ళని వెంటేసుకుని చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. నన్ను చూసి "నమస్తే టీచర్" అని చొక్కా సర్దుకున్నాడు. ఇప్పటికీ నా ముందు కాలు మీద కాలు వేసుకోడు. కాలేబు, హదస్సా పైనుంచి దిగి వచ్చారు.

"కాలేబన్నా, మీ కాలనీ దొరకక కారు రెండుసార్లు తిప్పిన" అన్నాడు ధర్మరాజు. "పేరున్న బోర్డు ఏమాయె అని ఎతుకుతుంటే, బోర్డు ఉండాల్సిన కాడ శాలువ కప్పుకొని నువ్వు నిలబడ్డవ్."

ఫోను తీసి ఫొటో చూపించాడు. నిజమే. కాలనీ పేరూ వీధి నంబర్లూ ఉన్న బోర్డుకి అడ్డంగా కట్టారు. రోజుకి మూడుసార్లు వెళ్ళిన అతనికీ కనపడలేదు, కళ్ళు తుడుచుకున్న నాకూ కనపడలేదు.

"నా పండ్లు బస్టాపుకు అడ్డమైతే, నీ శాలువ దేనికి అడ్డమన్నా?" అన్నాడు ధర్మరాజు. "ఆ పాట తీసెయ్, నేను గీ ఫొటో తీసేస్త. లేకుంటే సాయంత్రానికల్ల అన్ని గ్రూపులల్ల తిరుగుతది. శనివారం నీ సన్మానానికి నేనే చీఫ్ గెస్టును, యాదికుంచుకో."

అతని మాటలో తప్పుంటే గట్టిగా దులిపేద్దును. తప్పు లేదు, అదీ బాధ. పాట తీసేస్తే కాలేబు భయపడి నోరు మూసుకున్నాడంటారు. ఫొటో తిరిగితే, అదిగో గురివింద అంటారు. ఆ ఏడాది పాటలన్నీ ఒక్క దెబ్బకి వట్టివైపోతాయి. జోకర్ అంటే నవ్వేసే మనిషి, ఆ రోజు నవ్వలేకపోయాడు. నా వంక చూశాడు.

"మొదటి చరణం ఏదయ్యా?" అన్నాను.

తలొంచుకున్నాడు. "గాడనే తప్పు జేసిన వదినా." తలెత్తి, "కత్తెర ఇయ్యి" అన్నాడు.

ఎదురింటి పెయింటర్ నిచ్చెన అడిగి తెచ్చుకుని మలుపు దగ్గరికి నడిచాడు, వెనకాల మేమందరం. నిచ్చెన పట్టుకోడానికి వేరే ఎవరూ లేక ధర్మరాజు కుర్రాళ్ళే పట్టుకున్నారు. హదస్సా ఏడుపు ముఖం పెట్టింది. "కొయ్యకు డాడీ, పక్క స్తంభానికి జరిపిస్త."

"పక్క స్తంభానికి ఇంకేదన్న బోర్డు ఉంటది బిడ్డా" అని తాళ్ళు కోసేశాడు. ఫ్లెక్సీ జారి కుర్రాళ్ళ నెత్తి మీద పడింది. వెనకాల మా కాలనీ పేరు బయటపడింది. ధర్మరాజు చేతిలో ఫోను చేతిలోనే ఉంది, ఇప్పుడు ఆ ఫొటో ఎవరికి పంపినా ఏం లాభం? కారెక్కబోతూ, "శనివారం ఆ పాటైతే పాడకన్నా, మా ఇంటోళ్ళు సుత వస్తరు" అన్నాడు, ఈసారి మెల్లగా. కాలేబు నిచ్చెన దిగి ఫ్లెక్సీ చుట్టడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం మళ్ళీ నా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, కొత్త మొదటి చరణంతో. నేను గరిటె పక్కన పెట్టాను.

శనివారం స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీని కూడా చుట్టించి పక్కన పెట్టించాడు. తెల్ల గుడ్డ ఒక్కటే మిగిలింది. పాత ఆర్కెస్ట్రా పెద్ద సింగర్లు వచ్చి ముందుగా తలా ఒక పాట పాడారు. తర్వాత కాలేబు మైకు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. హాల్లో ఒక్కరు కూడా లేవలేదు. కప్పులు పళ్ళెంలోనే చల్లారాయి.

నలభయేండ్లు చాయ్ టైముల పాడినోణ్ణి నేను
ఫ్లెక్సీ ఎక్కంగనే మా గల్లే మర్చిపోయిన
ముందుగాల నన్ను దించుండ్రి, గల్లి పేరు గనబడాలె

హాలు చప్పట్లతో అదిరిపోయింది. చప్పట్లు ఆగాక అందరి చూపులూ ముందు వరసలో ధర్మరాజు మీద పడ్డాయి. అతని ముఖం నల్లబడింది. కాలేబు నేరుగా అతన్నే చూస్తూ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, అన్న పుట్టిన దినం అందుకున్నాడు. పండ్లనడుగు అనేసరికి ధర్మరాజు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఆగడం లేదు. ధర్మరాజు ఆమెని చూశాడు, స్టేజీని చూశాడు. తనని తాను కోసుకుని మరీ పాడే మనిషి మీద కోప్పడటం ఎలాగో అతనికి తెలీలేదు. నవ్వేశాడు. ఫ్లెక్సీ మీదున్న పళ్ళన్నీ కనపడ్డాయి.

శాలువా కప్పుతున్నప్పుడు నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. వయసు మర్చిపోయి ఈల కూడా వేద్దామనుకున్నాను, మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. హదస్సా పాత పాట తీసేసి, మొదటి చరణంతో కొత్తది పెట్టింది. సోమవారం చూస్తే బస్టాపు దగ్గర ధర్మరాజు ఫ్లెక్సీ లేదు. ఊళ్ళో మిగతావన్నీ అలాగే ఉన్నాయనుకోండి. ఒక్క పాటకి ఒక్కటి దిగింది, బస్సెక్కడ ఆగుతుందో ముసలివాళ్ళకి కనపడుతోంది.

కాలేబు ఫ్లెక్సీ నా దగ్గరే ఉంది. గుంటూరు నుంచి మా తమ్ముడు మిరపకాయలు పంపితే, మేడ మీద దాన్ని పరిచి ఆరబోశాను. కాలేబు వచ్చి చూశాడు. శాలువా మీద, జోడించిన చేతుల మీద, సింహం మీద, అంతా ఎర్రగా మిరపకాయలే. ముఖం ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఏంది వదినా, మొకం మీద పొయ్యలే? జాగ సరిపోయిందా?"

"నిన్ను నువ్వు దించుకున్నావు. నేను దించలేదు" అన్నాను.

చాలాసేపు పక్కన కూర్చుని మిరపకాయలు తిరగేశాడు. తర్వాత సన్నగా ఏదో కూనిరాగం మొదలుపెట్టాడు. నా వైపు చూసి నవ్వుతున్నాడంటే మొదటి చరణం నా మిరపకాయల మీదే. కట్టుకోనీ.