సిలువ మీద ఇరుకు అక్షరాలు

మణుగూరులో పెయింటర్ ఆదాము రాతను ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. అక్షరం ఎత్తుగా, పక్కలకు ఇరుకుగా, ఒళ్లంతా ఒకే మందంతో ఉంటుంది. సోకులేమీ ఉండవు. బొగ్గు గని దారిలో డంపర్ లారీ నడిపేవాడికి దూరం నుంచే కనబడాలి, బోర్డు చూస్తే చిన్నది. ఆ ఇబ్బందిలోంచి పుట్టిన రాత అది. తర్వాత సమాధులకూ అదే పనికొచ్చింది. పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడు రేపటి సిలువ వెడల్పు ఎవరు చూస్తారు? ఎంత పొడుగు పేరునైనా ఆదాము సిమెంటు సిలువ అడ్డపట్టీ మీద కుదురుగా కూర్చోబెట్టేవాడు. ఏటా చనిపోయినవాళ్లను తలుచుకునే సమాధుల పండుగకు ముందు అందరూ సున్నాలు వేయించి, పేర్లు ఆయన చేతే మళ్లీ దిద్దించుకునేవారు.

ఈ ఏడు ఆ సమాధుల వరసలో ఆయన భార్య విశ్రాంతమ్మ కూడా చేరింది. ఆమె పోయిన నెలకే ఆదాముకు పక్షవాతం వచ్చి, కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. పండుగ ఇంక రెండు రోజులే ఉంది, సిలువ తెల్లగా ఖాళీగానే ఉంది. ఊరందరి పేర్లూ రాసిన మనిషి పెళ్లాం పేరు రాయలేకపోవడం ఆయన్ను లోపల్లోపల కోసేస్తోంది.

ఫ్లెక్సీ షాపులో పనిచేసే కూతురు అక్సా కంప్యూటర్‌లో పేరు కొట్టి తెచ్చింది. అడ్డపట్టీకి మించిపోతోందని దాన్ని రెండు పక్కలనుంచీ నొక్కింది. దాంతో నిలువు గీతలు సన్నబడిపోయాయి. ఆదాము ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

“గిట్ల నొక్కితే అక్షరం చిక్కిపోతది బిడ్డా,” అన్నాడు. “ఆఖరి రోజుల్ల మీ అమ్మ చిక్కినట్టుంది.”

అక్సా ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే ట్రేసింగ్ కాగితాలు తీసుకుని సమాధుల తోటకు పోయింది. తండ్రి రాసిన పేర్లలోంచి ఒకచోట ‘వి’, ఇంకోచోట ‘త’, మరోచోట ‘మ్మ’ ఎత్తుకుంది. ‘శ్రాం’ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆ అక్షరమున్న పేరు ఆ తోటలో వాళ్లమ్మది ఒక్కటే. దొరికినవాటిని సిలువ మీదికి దించి నల్లరంగు నింపింది, నడుమ ఒక్క అక్షరం మేర ఖాళీ వదిలింది. తర్వాత తండ్రిని ఆటోలో తీసుకొచ్చి కుంచె చేతికిచ్చింది.

ఆ ఒక్క అక్షరానికి గంట పట్టింది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని రాశాడు, అయినా గీత రెండుచోట్ల వంకరపోయింది. అక్సా కిరసనాయిలు గుడ్డ తీసుకుని, అంచులు సరిచేయనా అని అడిగింది. ఆదాము ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“మిగిలినయన్నీ వేరేటోళ్ల పేర్లకెల్లి తెచ్చినవి. మీ అమ్మ కోసమని నేను రాసింది గిదొక్కటే. ఉండనీ.”