కాక బండి వెనక సీటు

నా చిన్నప్పుడు మా కాక బండి వెనక సీటు నాది. ఇంకెవరైనా దాని మీద చెయ్యి వేసినా నాకు ఒళ్లు మండేది. ఆ సీటు కోసం నేను ఎంత ఏడ్చానో, ఎవరిని చూసి ఎంత కుళ్లుకున్నానో చెబితే ఇప్పుడు మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. పదేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద ఆస్తి ఏముంటుంది?

మాది పెద్దపల్లి. ఎనభైల నాటి మాట. ఇంటి వెనకే మాకు చిన్న రైసు మిల్లు ఉండేది. మిల్లు మిషన్లు చూసుకునేది మా కాక, అంటే మా బాపు తమ్ముడు, నాకు చిన్నాన్న. ఆయన ఒకసారి బొగ్గు బావుల దిక్కు ఎవరి పెరట్లోనో తుప్పు పట్టి పడి ఉన్న పాత రేసు బండిని లారీలో వేసుకొచ్చాడు. రెండు సైలెన్సర్లు, పొడుగాటి ట్యాంకు, చిరిగిపోయిన సీటు. ఆ సీటు చిరుగులో కోళ్లు గుడ్లు పెట్టేవట. "గిదేం కొన్నవ్‌రా, ఉత్త తుక్కు" అని నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం చూడగానే నచ్చింది. కాకకు నచ్చింది కాబట్టి నచ్చింది.

ఇంజను బాగు చేయడం ఆయనకు పెద్ద పని కాలేదు. పేచీ అంతా బండి నడకతోనే. ఊరు దాటాక మంథని రోడ్డు మీద ఒక వంపు ఉండేది. వేగంగా అక్కడికి చేరామా, బండి వెనక భాగం అటూ ఇటూ ఊగేది, చేతుల్లో హ్యాండిల్ వణికేది. రేసు బండి అంటే ఉరకడం ఒక్కటే కాదు, వంపులో కూడా మనం అనుకున్న దారినే పోవాలి అనేవాడు కాక. హ్యాండిల్ కింద అరిగిపోయిన బేరింగు గోళీలు మార్చాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో చిక్కటి ఆయిల్ పోశాడు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే చోట వదులైన బుష్షులు తీసి, లేత్ మిషన్ మీద కొత్తవి చేయించి వేశాడు. నూలు దారం వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగి, రెండూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో నేల మీద పడుకుని చూసేవాడు.

ఏది మార్చినా నన్ను వెనక ఎక్కించుకుని ఆ వంపు దాకా పోయి రావలసిందే. వెనక స్ప్రింగుల అడుగున మెట్లు మెట్లుగా ఒక రింగు ఉంటుంది. కొక్కెం లాంటి పానాతో దాన్ని పైకి తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది, కిందికి తిప్పితే మెత్తబడుతుంది. కాక ఒక మెట్టు తిప్పేవాడు, నన్ను ఎక్కించుకుని తిరిగేవాడు, "ఎట్లున్నది బిడ్డా, ఎగరేస్తుందా?" అని అడిగేవాడు. నేను పెద్ద ఇంజనీరు లాగా మొహం పెట్టి జవాబు చెప్పేదాన్ని. చివరికి ఒక రోజు బండి ఆ వంపును గీత గీసినట్టు దాటేసింది. ఇక రంగు వేయడమే మిగిలింది. రంగు ఆరగానే మొదటి సవారీ నీదే, మంథని పోయి గోదావరి చూసి వద్దాం అని కాక మాట ఇచ్చాడు.

ఆ మధ్యలోనే కాకకు పెళ్లయింది.

చిన్నమ్మది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర పొలిమేర దగ్గర ఊరు. ఆమె తెలుగులో మరాఠీ కలిసి ఉండేది. నన్ను మరాఠీలో అమ్మాయీ అన్నట్టు "బాయి" అని పిలిచేది. ఆ పిలుపు వింటేనే నాకు చిరాకు. ఆమె జడ చిరాకు, నవ్వు చిరాకు, అన్నం తినేటప్పుడు గాజులు చేసే చప్పుడు కూడా చిరాకు. కాక ట్యాంకుకు ఎరుపు వేద్దామని నాతో అన్నవాడు, ఆమె అడిగిందని నీలం వేశాడు. ఆ నీలం ఎంత బాగా కుదిరిందంటే, అది చూసి నాకు ఇంకా మండింది. ఆమె పమిట కొంగుతో ట్యాంకు తుడుస్తుంటే కాక మిల్లు గుమ్మంలో నిలబడి మురిసిపోయేవాడు. అంతకుముందు ఆ గుమ్మంలో ఆయన పక్కన నేను ఉండేదాన్ని.

బండికి పూజ చేసిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నేను కొత్త గౌను వేసుకుని, తల దువ్వుకుని తయారుగా ఉన్నాను. నాయనమ్మ ఒక్క మాటతో అంతా తేల్చేసింది. "మొదాలు కోడలు కూసోవాలె. గది పద్ధతి." కాక నా దిక్కు ఒకసారి చూసి బండి స్టార్టు చేశాడు. చిన్నమ్మ ఎక్కి కూర్చుంది. నేను మిల్లులోకి పోయి వడ్ల బస్తాల వెనక కూర్చుని, ఆ బండి ఆగిపోవాలని, పాడైపోవాలని ఎంతమంది దేవుళ్లకు మొక్కానో.

కాసేపటికి ఇద్దరూ బండిని నెట్టుకుంటూ వచ్చారు. వంపు దగ్గర బండి ఊగి ఊగి రోడ్డు దిగిపోయిందట. చిన్నమ్మ మోచెయ్యి చెక్కుకుపోయింది. కాక ప్రతి బోల్టూ పట్టి చూశాడు, దారం లాగి చూశాడు. ఎక్కడా తేడా కనిపించలేదు. అప్పుడు నన్ను ఎక్కించుకుని మళ్లీ అదే వంపుకు పోయాడు. బండి కిక్కురుమనకుండా దాటింది. తిరిగి వస్తుంటే నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. బండికి కూడా తెలుసు, నేనే దాని మనిషినని.

కానీ వాకిట్లో మాట ఇంకో దారి పట్టింది. పక్కింటి వాళ్లు గుసగుసలాడారు. పిల్ల కూర్చుంటే కుదురుగా పోయిన బండి కోడలు కూర్చుంటే ఎందుకు పడిందని. నాయనమ్మ గోడకు చేరబడి, "కొత్త కోడలి పాదం మంచిగ లేనట్టున్నది. కొన్నొద్దులు తల్లిగారింటికి పంపుదాం. తర్వాత సంగతి తర్వాత" అంది. కాక తల్లి మొహం ఒకసారి చూసి, మళ్లీ బండి దగ్గరికి పోయాడు. పెళ్లయి రెండు నెలలైనా కాని పిల్ల, పాదం మంచిది కాదన్న పేరు మోసుకుని పుట్టింటి గడప ఎక్కితే ఏమవుతుందో అప్పుడు నాకేం తెలుసు? ఆమె పోతుంది, అంతే. సీటు నాది. లోపల లోపల ఎగిరి గంతేశాను.

చిన్నమ్మ ఏడవలేదు. మా బాపు ముందు తలెత్తి మాట్లాడేది కాదు గనుక తలుపు చాటునుంచే నాయనమ్మతో అంది. "అత్తమ్మా, పొమ్మంటే పోత. జర ఒక్క పని చెయ్యిండ్రి. నా జాగల బియ్యం బస్తా కట్టి బండి తిప్పుండ్రి. బరువుల గది నా అసొంటిదే."

కాకే పోయి బస్తా తెచ్చి సీటు మీద తాళ్లతో బిగించాడు. బాపు సైకిల్ మీద వెనకే పోయాడు. వచ్చేసరికి ఇద్దరి మొహాలూ మారిపోయి ఉన్నాయి. బండి బస్తాతో కూడా ఊగింది. చిన్నమ్మ తలుపు చాటునుంచే మెల్లగా అడిగింది. "అత్తమ్మా, గా బస్తాకు పాదాలే లేవు గదా?"

ముందు నవ్వింది మా బాపు. తర్వాత నాయనమ్మ మూతి తిప్పుకుంటూనే నవ్వేసింది. కాక మాత్రం నవ్వలేదు. తల పట్టుకుని వెనక చక్రం దగ్గర కూలబడ్డాడు. "ఓరి నా తెలివి మండ! ఇన్ని రోజులు గీ పోరిని ఎక్కించుకొని సెట్ చేసిన. పెద్ద మనిషి కూసుంటే స్ప్రింగు అణిగిపోయి ముందు చక్రం తేలిపోదా?" రింగును పైకి తిప్పి బిగించాడు. అప్పుడే చిన్నమ్మను ఎక్కించుకుని పోయి వచ్చాడు. బండి వంపులో కుదురుగా పోయిందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. ఇక ఎవరూ ఎవరినీ ఎక్కడికీ పంపుతామనలేదు.

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం అసలు దెబ్బ అప్పుడు తగిలింది. అన్నాళ్లూ ఆ బండి నా బరువుకు అమర్చి ఉందని తెలిసిన ఘడియలోనే, దాన్ని ఇంకొకరి బరువుకు మార్చేశారు. తర్వాత కాక నన్నూ ఒక రౌండు తిప్పాడు. బిగిసిన స్ప్రింగు ప్రతి గుంతకూ నన్ను ఎగరేసి కొట్టింది. ఎట్లున్నది బిడ్డా అని ఆయన ఈసారి అడగలేదు. దిగి, వాకిట్లో నిలబడి, "గది ఇప్పుడు నాది కాదు, గామెది" అని బొబ్బలు పెట్టి ఏడ్చాను. "అట్లంటరా? తప్పు" అని అవ్వ, అంటే మా అమ్మ, కసిరింది. కాక ఏం చెయ్యాలో తోచక చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

చిన్నమ్మ కొక్కెం పానా తీసుకుంది. చెక్కుకుపోయిన మోచేతికి ఇంకా పసుపు ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక చక్రం దగ్గర కూర్చుని, పళ్ల బిగువున రింగును కిందికి తిప్పింది. అటుపక్కకు పోయి రెండోదీ తిప్పింది. నన్ను చూసి, "ఎవలు కూసుంటే వాళ్ల బరువు మందం తిప్పుకోవాలె బాయి. రింగు గందుకే పెట్టిండ్రు. ఎక్కు, మంథని పోయి రాపో" అంది. కాకతో, "మాటిచ్చిండ్రట గదా?" అంది. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

మంథని పోయాం, గోదావరి చూశాం. నా కుళ్లు ఆ రోజుతోనే పోయిందంటే అబద్ధం. చాలా రోజులు ఉంది. కానీ ఆ తర్వాత కాక నన్ను ఎప్పుడు ఎక్కించుకోబోయినా, "ఆగుండ్రి" అంటూ పానా పట్టుకుని ఆమె బయటికి వచ్చేది.

నాకిప్పుడు కోడళ్లున్నారు, మనవరాళ్లున్నారు. నావాళ్లు నన్ను దాటి ఇంకొకరి వైపు చూసిన ప్రతిసారీ నాలో ఆ పదేళ్ల పిల్ల లేచి కూర్చుంటుంది. అప్పుడు దానికి ఒకటే గుర్తు చేస్తాను. పోయిన చోటు నాకు తిరిగి ఇవ్వాలని, నేను ప్రాణం పెట్టుకున్న కాకకు తట్టలేదు. నేను చూసి ఓర్వలేకపోయిన చిన్నమ్మకు తట్టింది.