ఎఫ్ ఎయిట్ నొక్కని రామచంద్రరావుగారు

అచ్చయిన అక్షరం కంటబడితే చివరి చుక్కదాకా చదవందే కదలకపోవడం రామచంద్రరావుగారి జబ్బు. నాచారంలో ఆయన వీధి మొత్తానికి తెలిసిన జబ్బే, మందే ఎవరికీ తెలియదు. బస్సు టికెట్టు వెనక నిబంధనలు చదువుతూ హబ్సిగూడలో దిగాల్సిన మనిషి సికింద్రాబాదు దాకా వెళ్ళిపోయిన రోజులున్నాయి. దగ్గుమందు కొంటే, పెట్టెలోని మడతల కాగితం రెండువైపులా పూర్తయ్యేసరికి దగ్గు దానంతటదే తగ్గిపోయేది. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, శుభలేఖ అచ్చేసిన ప్రెస్సు ఫోను నంబరు దాకా చదివి, "ముహూర్తం అర్ధరాత్రి దాటాక అన్నారు, తేదీ ముందురోజుదే వేశారేం?" అని అడిగేవారు.

"మీదాకా ఎందుకు," అనేవారు ఆయన భార్య కమలకుమారి. "మా శుభలేఖలో నాలుగు తప్పులు దిద్ది మా నాన్నకే తిరుగు టపాలో పంపారు. పిల్ల నచ్చలేదేమోనని మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు."

తెనాలి నుంచి వచ్చి, నాచారం ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు డిస్పాచ్ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. తన కాగితాలతో ఆగినా బాగుండేది. ఎదుటివాళ్ళ చేతిలోవి కూడా లాక్కునేవారు. ఒకసారి ఆకుకూరలమ్మే సాలమ్మ బండి పక్కన నిలబడి ఏదో కాగితం పెదవులు కదుపుతూ చూసుకుంటోంది. కోడలు పక్కనే ఉంది. రామచంద్రరావుగారు తోటకూర బేరం మధ్యలో ఆపి కాగితం లాగేశారు. వీధి చివరిదాకా వినబడేలా మొదటి లైను నుంచి చదివేశారు.

"ఏం మనిషివి సారూ, ఆడోళ్ళ చేతులకెంచి కాగితం గుంజుకుంటవా? జర సిగ్గుండాలె," అని సాలమ్మ దులిపేసింది. ఆయన తలొంచుకుని, తోటకూర మరిచిపోయి ఇంటికెళ్ళారు. అప్పటినుంచి ఆయన ఎదురైతే కాగితం ఉన్నవాళ్ళు చెయ్యి వెనక్కి పెట్టుకోవడం మొదలైంది.

అలాంటి ఇంటికి, 2008 ఎండాకాలంలో, కొత్త కంప్యూటరు బిగించడానికి బాలరాజు వచ్చాడు. జనగామ దిక్కువాడు. సంచి భుజానేసుకుని, టీవీఎస్ బండి మీద ఇల్లిల్లూ తిరిగి కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఆ రోజు మాత్రం అతని ప్రాణం ఉప్పల్లో ఉంది. అక్కడ వరంగల్ రోడ్డు మీద కామరాజు అనే ఆయన షట్టరు అద్దెకిస్తానన్నాడు. సాయంత్రం నాలుగింటికల్లా సంతకం పెట్టకపోతే జ్యూసు దుకాణం వాడికి ఇచ్చేస్తానని కూడా అన్నాడు. తన పేరుతో ఒక బోర్డు కట్టుకోవాలని బాలరాజుకు ఆరేళ్ళ ఆశ. స్టాంపు కాగితాలు సంచిలోనే ఉన్నాయి.

"పదింటికి వచ్చిన. పన్నెండుకల్లా చేసి పోత సార్," అన్నాడు. "నా దగ్గర విండోస్ సీడీ ఉన్నది. నలభై ఇండ్లల్ల గదే వేసిన."

"నాది నాకుంది," అని రామచంద్రరావుగారు బీరువాలోంచి పట్టు చీర తీసినంత జాగ్రత్తగా ఒక పెట్టె తీశారు. "అయిదేళ్ళ క్రితం కొన్నప్పుడే పెట్టె మీద చదివాను. ఒక రకం లైసెన్సు కొన్న కంప్యూటరుతోనే పోతుంది. ఈ రకం కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చు. ఇదే ఎక్కించు. పాత డిస్కు కూడా ఇందులోనే రెండోదిగా బిగించు. దానిమీద ఫైళ్ళు ఒక్కటి కూడా పోకూడదు."

బాలరాజు సీడీ పెట్టాడు. తెరమీద నీలంగా లైసెన్సు ఒప్పందం వచ్చింది. ఒప్పుకుంటే ఎఫ్ ఎయిట్ నొక్కాలి. బాలరాజు వేలు అలవాటుగా లేచింది. రామచంద్రరావుగారు దాన్ని గాల్లోనే పట్టుకున్నారు.

"చదవలేదుగా."

"గిది ఎవ్వలు సదువుతరు సార్? రాసినోడు గూడ సదివి ఉండడు."

"రాసినవాడు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకుంటున్నది నేను."

కళ్ళజోడు వచ్చింది. నిఘంటువు వచ్చింది. పెన్సిలు, తెల్లకాగితం వచ్చాయి. పదకొండయింది, పన్నెండయింది. కమలకుమారిగారు బాలరాజుకు అన్నం పెట్టి, మజ్జిగ పోసి, "మా కుక్కరు కొన్నప్పుడు మూడోరోజుకి అన్నం వండుకున్నాం బాబూ, నీకు నయమే," అని ధైర్యం చెప్పారు. ఒంటిగంటకు కామరాజు ఫోను చేసి, జ్యూసువాడు వచ్చి కూర్చున్నాడని చెప్పాడు. బాలరాజు చేతులు జోడించాడు.

"సార్, కాళ్ళు మొక్కుత. ఎఫ్ ఎయిట్ కొట్టున్రి."

"ఒక్క పేరా ఉంది. ఇదిగో, దొరికింది. కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చు, కానీ పాతదాంట్లోంచి పూర్తిగా తీసెయ్యాలట. పాత డిస్కు మీద విండోస్ తీసెయ్యి. నా ఫైళ్ళు ముట్టుకోకు," అని, తాళిబొట్టు ముడేసినంత శ్రద్ధగా ఎఫ్ ఎయిట్ నొక్కారు.

అంతా ఎక్కేసరికి రెండున్నర. పాత డిస్కు బిగించి ఫైళ్ళు తెరిస్తే అన్నీ గజిబిజి గీతలు. తెలుగు ఫాంటు పాతదాంట్లో ఉండిపోయింది. బాలరాజు దాన్ని వెతికి కొత్తదాంట్లో వేసి, ఆ తర్వాతే పాత విండోస్ తీసేశాడు.

"నాలుగు ఫైళ్ళు తెరిచి సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడు," అని రామచంద్రరావుగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

ఫైళ్ళకు మనుషుల పేర్లున్నాయి. బాలరాజు ఒకటి తెరిచాడు. "సాలమ్మ. ఇంటి జాగా కాగితం. తండ్రి పేరు తప్పు పడినది. దిద్దించిన తర్వాతే వేలిముద్ర. గమనిక: చదువు రాదని కోడలికి తెలియదు, తెలియడం ఆమెకు ఇష్టం లేదు. కాబట్టి అడగరాదు. ఏ కాగితమైనా నా పిచ్చి కొద్దీ లాక్కుని గట్టిగా చదవవలెను. తిట్టును. పర్వాలేదు."

ఇంకోటి తెరిచాడు. "నర్సు స్వర్ణలత. ఉద్యోగం బాండు. మూడేళ్ళు మానకూడదని ఉంది. ఇంగ్లీషు అర్థం కాలేదని చెప్పుకోదు. ఏ కాగితమైనా మెట్ల మీద ఎదురుపడి లాక్కోవలెను." అలా ఎన్నో ఉన్నాయి. ప్రతిదాని చివరా సంతకం పెట్టవచ్చనో వద్దనో తేల్చి రాసి ఉంది. ఈ వీధిలో వేరే ఇళ్ళకు పనికి వచ్చినప్పుడల్లా ఈయన్ని చూసి పడిపడి నవ్విన వాళ్ళలో బాలరాజూ ఒకడు. ఇప్పుడు అతనికి సిగ్గేసింది, ఆ సిగ్గులోనే నవ్వూ వచ్చింది.

తిరిగి చూస్తే రామచంద్రరావుగారు సంచిలోంచి స్టాంపు కాగితాలు అప్పటికే లాగేశారు.

"సార్, గది నా కాగితం," అన్నాడు బాలరాజు. అనాలి కాబట్టి అన్నాడు. చెయ్యి మాత్రం చాపలేదు.

మూడుంబావు దాకా చదివారు. స్టాంపులమ్మినవాడి పేరు కూడా వదల్లేదు. చివరి పేజీలో ఆగారు.

"నీ షట్టరుకి రోడ్డు ఏ వైపుంది?"

"ఉత్తరం దిక్కు సార్. వరంగల్ రోడ్డు."

"హద్దులు విను. ఉత్తరాన బాత్రూము. తూర్పున మెట్లు. దక్షిణాన పక్కవాళ్ళ గోడ. పడమర మురికి కాలువ. నాలుగు దిక్కుల్లో రోడ్డే లేదు. నీ గిరాకీ ఎటునుంచి వస్తారు, బాత్రూములోంచా?"

బాలరాజుకు అప్పుడు అర్థమైంది. అది ఆ భవనం వెనక, మెట్లకింద చీపుర్లు పెట్టుకునే గది. చూపించింది ఒకటి, కాగితం మీద ఉన్నది ఇంకోటి.

టీవీఎస్ మీద ఇద్దరూ ఉప్పల్ చేరేసరికి నాలుగుకు అయిదు నిమిషాలుంది. దారిలో రామచంద్రరావుగారు లారీల వెనక రాతలు కూడా పైకి చదివారు. కామరాజు ఆయన్ని, ఆయన చేతిలోని పెన్సిలును చూసి ముఖం తుడుచుకున్నాడు.

"పాత కాగితం చూసి కొట్టించానండీ. టైపింగ్ మిస్టేకు."

"అందరికీ జరిగేదే," అన్నారు రామచంద్రరావుగారు చల్లగా. "ఆ పేజీ మళ్ళీ కొట్టించండి. ఇక్కడే కూర్చుంటాం. మీ గోడమీద ఈ క్యాలెండరు నేనింకా చదవలేదు."

క్యాలెండరులో వైశాఖం పూర్తయ్యేలోపు కొత్త పేజీ వచ్చింది. ఉత్తరాన రోడ్డు పడింది. జ్యూసువాడు లేచి వెళ్ళిపోయాడు. బాలరాజు సంతకం పెట్టాడు.

మర్నాడు ప్రింటరు తగిలించడానికి వెళితే రామచంద్రరావుగారు కొత్త కంప్యూటరు మీద టైపు చేస్తున్నారు. "ఫాంటు సరిగ్గా పడుతోందా?" అని తెర అతనివైపు తిప్పారు.

"బాలరాజు. దుకాణం కాగితం. హద్దులు దిద్దించడమైనది. గమనిక: చదువు వచ్చు. ఓపిక లేదు. కాగితం కనబడితే లాక్కోవలెను."

బాలరాజు చివరిదాకా చదివాడు. మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"సార్, అంతా మంచిగుంది. 'ఓపిక లేదు' అన్నది ఒక్కటి తీసెయ్యున్రి."

"మొత్తం చదివావా?"

"సదివిన సార్."

"అయితే తీసెయ్యాల్సిందే," అని రామచంద్రరావుగారు ఆ రెండు మాటలూ చెరిపేశారు.