సోమన్న మోరిపై నేను రాసిన రిపోర్టు

ఆరేళ్ల క్రితం నవంబరులో నన్ను అరకు లోయకు డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను ఒక రికార్డింగ్ సంస్థలో సీనియర్ సౌండ్ ఇంజినీరుని. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. థింసా నృత్యానికి ఊదే, సన్నాయి లాంటి మోరితో మాడ్యులర్ సింథసైజరును కలిపి వేదిక మీద వినిపించడం నాకప్పగించిన పని. విడివిడి ఎలక్ట్రానిక్ యూనిట్లను వైర్లతో కలిపి వాడే వాద్యం ఆ సింథసైజరు.

మోరి స్వరాలన్నీ హార్మోనియం మెట్ల మీద కూర్చోవు. కొన్ని రెండు మెట్ల సందున పడతాయి. కీబోర్డు ఆదేశాలను సింథసైజరుకు మోసే మిడి పద్ధతిలో దీనికి ‘పిచ్ బెండ్’ ఉంది. మెట్టు మీది స్వరాన్ని అది కావలసినంత పైకో కిందికో జరుపుతుంది. హుకుంపేట నుంచి వచ్చిన పెద్దాయన కొర్రా సోమన్న చేత మొదటి రోజు ఒక్కో స్వరం ఊదించి, మీటరుతో కొలిచి, తేడాలను కంప్యూటరులో ఎక్కించాను.

మర్నాడు రిహార్సల్లో మూడు స్వరాలు కలిశాయి, రెండు కలవలేదు. యంత్రానిది తప్పయితే అన్నీ తప్పాలి కదా అనుకున్నాను. యంత్రం వస్తే తనకు పిలుపులుండవని సోమన్న కావాలనే మోరి మార్చాడేమోనని అనుమానం పట్టుకుంది. ఊదుతున్నంతసేపూ అతని వేళ్లే చూశాను. టీకి వెళ్లినప్పుడు అతని సంచీ విప్పాను. వెనక నుంచి అతని గొంతే వినిపించింది.

“ఏటి బాబూ, ఎతుకుతన్నావు? సుట్టలు కావాలంటే అడగొచ్చు గదా.”

మోరి మార్చావా అని సూటిగానే అడిగాను.

“నిన్నటి మోరే, నిన్నటి నోరే. నీ పెట్టికే పడిశెం పట్టినట్టుంది, సూసుకో.”

నాట్యానికి వచ్చిన ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మోరిని మళ్లీ కొలవలేదు. ‘కళాకారుడు వాద్యాన్ని ఉద్దేశపూర్వకంగా మార్చాడు’ అని రిపోర్టు రాసి సంతకం చేశాను. సాయంత్రానికల్లా సోమన్నను ఇంటికి పంపేశారు. ఆ తర్వాత మా సంస్థ అతన్ని ఏ కార్యక్రమానికీ పిలవలేదు.

మూడు నెలలకు వేరే పని మీద, అదే సింథసైజరులో మిడి ఆదేశాన్ని వోల్టేజీగా మార్చే యూనిట్ సెట్టింగులు తెరిచాను. బెండ్ పరిధి కంప్యూటరులో రెండు మెట్లు, యూనిట్‌లో ఒకటే. నేను జరపమన్నదానిలో సగమే జరిగింది. కలిసిన మూడు స్వరాలూ మెట్ల మీదే ఉన్నవి, వాటికి బెండ్ అక్కర్లేదు. రెండు సెట్టింగులూ సరిచూడడం నా పనే.

సెట్టింగు ఆ రోజే మార్చాను. రిపోర్టు మార్చలేదు, అప్పుడు నా ప్రమోషను ఫైలు పై అధికారి దగ్గరుంది.

సోమన్న మోరి మార్చలేదు. ఈ మాట గత నెల సంస్థకు రాసి పంపాను. హుకుంపేట వెళ్లి అతనికీ చెప్పాను. “అయితే మల్లీ పిలుత్తారా బాబూ?” అన్నాడు. పిలిపించే హోదా ఇప్పుడు నాకు లేదని చెప్పాల్సి వచ్చింది.

తేడా వచ్చినప్పుడు, వాద్యాన్ని కొలిచిన మీటరుతోనే యంత్రం శబ్దాన్నీ కొలవాలి. ఐదు నిమిషాల పని. మనిషి పేరు రాయడం ఆ తర్వాతే.