అక్క కమ్మలతో కట్టించుకున్న పన్ను

మొన్న మా అక్క సమాధి దగ్గర నేను చేసిన నిర్వాకం విన్నారా? నవ్వొస్తే నవ్వండయ్యా, నేనేమీ అనుకోను. మా బావే నవ్వినాడు!

మీకు తెలుసు కదా, నేను మార్కాపురంలో పలకలకు చట్రాలు బిగించేవాణ్ణి. ఒకసారి పలకరాయి జారి తగిలి ముందు పన్ను సగానికి విరిగింది. అప్పటినుంచి చర్చిలో పాట ఎత్తుకుంటే ఒకటే ఈల! అందరికంటే ఎక్కువ నవ్వేది మా మరియమ్మక్కే. అమ్మ పోయినాక నన్ను పెంచింది ఆమే. నవ్వీ నవ్వీ ఒకనాడు చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది.

"పోయి పన్ను కట్టించుకో రా. నేను పోయిన నాడు పాట నువ్వే పాడాల. ఈల గీల వేసినావంటే లేచి వచ్చి తంతా!"

రైలెక్కి కర్నూలు పోయినాను. పళ్ళ డాక్టరు ఆ బంగారంతో తొడుగు చేసి, విరిగిన పంటికి సిమెంటుతో అతికించినాడు. "గట్టి సిమెంటేనయ్యా. అయినా ఏండ్ల తరబడి నోటి తడికి కొంచెం కొంచెం కరుగుతుంది. కదిలితే ఊడేదాకా ఆగొద్దు, వచ్చెయ్" అన్నాడు.

ఈ మధ్య కదిలింది. అక్క మంచాన పడి ఉంటే కర్నూలు ఎట్ల పోయేది? రేపు మాపు అంటూ ఉన్నాను. ఆమె కన్నుమూసిన పొద్దున నోరు కడుక్కుంటుంటే తొడుగు చేతిలోకి వచ్చింది. సాయంత్రం పాట పాడాల! ఇంక ఏంది చేసేది? చట్రాలకు పెట్టే తోలుబంక తెచ్చి రాసి, వేలితో అదిమిపట్టి, అది ఆరేదాకా నోరు తెరుచుకుని కూర్చున్నాను. పరామర్శకు వచ్చినోళ్ళు "పాపం, తెరిచిన నోరు మూయకుండా ఏడుస్తున్నాడు" అని నన్ను చూసి ఏడ్చినారు!

సమాధి దగ్గర మొదటి చరణం బాగానే పాడినాను. రెండో చరణంలో పెట్టె గుంతలోకి దిగింది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. కన్నీళ్ళూ చీమిడీ అన్నీ నోట్లోకే. పిడికెడు మట్టి వేయడానికి వంగి, గట్టిగా పాట ఎత్తుకున్నానో లేదో, తొడుగు ఎగిరి పోయి పెట్టె మీద ఠక్కుమని పడింది. నోట్లోనుంచి ఈల!

మా బావ గుంత అంచున నిలబడి, "ఏమే మరియమ్మా, విన్నావా? నీ తమ్ముడు మళ్ళా ఈల వేసినాడే! లేచి వచ్చి తన్నవే!" అని నవ్వినాడు. నవ్వుతా నవ్వుతానే కూలబడి భోరుమన్నాడు.

ఎవరో దిగి తీస్తామన్నారు. నేనే వద్దన్నాను. ఆమె కమ్మలు ఆమె దగ్గరే ఉండనీ. మిగిలిన పాటంతా ఈలతోనే పాడినాను. ఆమె మాత్రం లేవలేదు.

ఆ బంక తడి తగిలితే విడుస్తుందని నాకు తెలియదా? "పలకలు నీళ్ళలో ముంచొద్దురా, చట్రం ఊడుతుంది" అని బడిపిల్లలకు చెప్పేది నేనే. నోటి తడికి ఒక్క పూట ఆగుతుందిలే అనుకున్నాను. అక్క పోయిన నాడు నాకు ఏడుపొస్తుందని మాత్రం తట్టలేదు చూడండి!