లొరేతా అనని మాట

మా వదిన లొరేతాకు మాట్లాడడం మొదలుపెట్టడమే గాని ఆపడం తెలియదు. మా అన్న నికోలా బతికున్నన్నాళ్ళూ భోజనం దగ్గర ఆవిడ ఊపిరి తీసుకునే సందు చూసుకొని ఉప్పు అడిగేవాడు. అలాంటి మనిషికి మా ఊరు వల్లెస్కూరలోని సారాబట్టీలో, చూడవచ్చిన వాళ్ళను తిప్పి చూపించే ఉద్యోగం దొరికినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆవిడ మాటలకు ఎదురు జీతం ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారని మేమెవరమూ అనుకోలేదు.

సారాబట్టీ అన్నానని చులకనగా చూడకండి. ఒకప్పుడు అది సన్యాసుల మఠం. మయెల్లా కొండ మీద కోసిన మూలికలన్నీ రాగి కాగులో మరిగి, ఆకుపచ్చటి చెంతెర్బె సారాగా మారేది అక్కడే. నూరు మూలికలని పేరు. నిజంగా నూరున్నాయా అని అడిగితే మా ఊళ్ళో ఎవరూ మొహం చూసి జవాబు చెప్పరు. కడుపునొప్పికీ అదే, పెళ్ళికీ అదే, చావు ఇంటికి పరామర్శకు వెళ్ళినా అదే. చక్కెర బిళ్ళ మీద నాలుగు చుక్కలు వేసుకొని నాలుక మీద పెట్టుకుంటే ముందు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత ఎదుటి మనిషి కాస్త మంచివాడిలా కనిపిస్తాడు.

నేను బస్సు నడుపుతాను. కింద సుల్మోనాలో రైలు దిగినవాళ్ళను బట్టీకి తెచ్చి, మళ్ళీ సాయంత్రం దింపుతాను. దారిలో వదినను ఆవిడ ఇంటి ముందు దించడం కూడా నా పనే. అన్న పోయాక నాకు నేనే పెట్టుకున్న పని అది. ఆవిడ ఫెర్రతెల్లె అనే పలచటి తీపి బిళ్ళలు డబ్బాలో పోసుకొచ్చి డ్రైవరు సీటు పక్కన పెడుతుంది. అవి కరకరలాడుతుంటే ఆవిడ మాటలు సగమే వినిపిస్తాయి, అదొక సుఖం.

వదిన చూపించే తీరు ఎన్నేళ్ళయినా మారలేదు. మొదట గుమ్మంలో నిలబడి అందరికీ గట్టిగా స్వాగతం చెబుతుంది. తర్వాత పైన మూలికలు ఆరబెట్టే అటక. అక్కడ మాచిపత్రి నలిపి ఒకరి ముక్కు కింద, పుదీనా నలిపి ఇంకొకరి ముక్కు కింద పెడుతుంది. ఆ తర్వాత మెట్లు దిగి కాగు గదిలోకి. అక్కడ పాన్ఫిలో ఉంటాడు.

పాన్ఫిలో కాగు కాచేవాడు. వాళ్ళ నాన్నదీ అదే పని. భార్య పోయి చాలాకాలమైంది. ఉలుకూ పలుకూ లేని మనిషి. వచ్చినవాళ్ళకు ఎప్పుడూ వీపే కనిపిస్తుంది, ఎందుకంటే ఆయన కళ్ళు కాగు ముక్కులోంచి పడే సన్నటి ధార మీదే ఉంటాయి. మొదట పడే ధార ఘాటు, దాన్ని పక్కన పోస్తారు. నడిమి ధారే అసలు సరుకు. చివర పడే కడధార ఉడికిన గడ్డి కంపు కొడుతుంది. అది మొదలయ్యే క్షణంలో కుళాయి తిప్పి వేరే కుండలోకి మళ్ళించాలి. కాస్త ఆలస్యమైతే మంచిదీ పాడవుతుంది.

ఆ గదిలోకి రాగానే వదిన ఆ వీపును చూపించేది. "ఆ కనిపించే వీపు నాకు కాబోయే మొగుడిది. పెళ్ళెప్పుడయ్యా అంటే, ఈ కాగు దిగనీ అంటాడు. కాగేమో ఎన్నేళ్ళకూ దిగదు."

అందరూ నవ్వేవాళ్ళు. పాన్ఫిలో వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి కుళాయి మీద వేసేవాడు. ఇంకోసారి నవ్వేవాళ్ళు. నాకు ఆ ముక్క విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

ఈ వసంతంలో ఒక ఫ్రెంచి ముసలావిడ వచ్చింది. అందరూ నవ్వుతుంటే ఆవిడ నవ్వలేదు. వదిన చెయ్యి పట్టుకొని, వచ్చీరాని మా భాషలో, "ఇన్నాళ్ళు ఎదురుచూడడం కష్టం కదమ్మా" అంది. వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. ఆవిడకు మాట రాకపోవడం నేను చూడడం అదే మొదలు. అన్నను మట్టి చేసిన రోజున కూడా మాట్లాడుతూనే ఉంది.

ఆ సాయంత్రం అందరినీ దింపేశాక, బస్సులో మేమిద్దరమే మిగిలాం.

"బెరార్దో, రేపట్నుంచి ఆ జోకు వెయ్యను."

"ఏ జోకు? నీకున్నదే ఒకటి."

"అదే."

"ఏం, పాన్ఫిలో కోప్పడ్డాడా?"

"ఆయనకసలు వినిపిస్తుందో లేదో." వదిన డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. "ఉత్తుత్తిగా అన్నన్నాళ్ళూ బాగానే ఉంది మరిదీ. ఇప్పుడది ఉత్తుత్తిగా రావడం లేదు నోట్లోంచి. ఈ వయసులో ఊళ్ళో నవ్వులపాలు కాలేను. నువ్వు కూడా నవ్వకు."

"నేను నవ్వట్లేదే."

"మీ అన్నను మర్చిపోయాననుకుంటున్నావా?"

"నేనేమీ అనుకోలేదు."

"అబద్ధం. ఏదో ఒకటి అనుకునే ఉంటావు. అదేంటో చెప్పు."

నేను గేరు మార్చాను. నాకు కష్టంగానే అనిపించింది, దాచడం దేనికి. మా అన్న కోటు ఇంకా ఆవిడ వసారాలో కొక్కేనికి వేలాడుతూనే ఉంది. ఒకపక్క ఆవిడ మీద జాలి, ఇంకోపక్క ఆ కోటు మీద జాలి. ఆవిడ దిగేదాకా నేనేమీ చెప్పలేదు. దిగి, ఎప్పుడూ చెప్పే శుభరాత్రి కూడా చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు వాన. వచ్చింది కొద్దిమందే. బస్సులో కూర్చుంటే చలిగా ఉందని నేనూ వాళ్ళ వెనకే లోపలికి వెళ్ళాను. వదిన గుమ్మంలో స్వాగతం చెప్పింది, అటక చూపించింది, కాగు గదిలోకి దింపింది. "ఇది రాగి కాగు. చాలా పాతది. ఇటు రండి, రుచి చూద్దురుగాని," అని పక్క గదిలోకి తీసుకెళ్ళిపోయింది. ఆ వీపు వైపు చూడనైనా లేదు.

అందరి చేతుల్లో చక్కెర బిళ్ళలు పెడుతోంది. ఇంతలో కంపు మొదలైంది. తడిసిన గడ్డిని ఎవరో వంటింట్లో ఉడకబెట్టినట్టు. బట్టీ యజమానురాలు ఇయోలే మేడ మీంచి చెప్పులు టపటపలాడిస్తూ దిగొచ్చింది. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మేమందరం కాగు గది గుమ్మంలో గుమిగూడాం.

"పాన్ఫిలో, ఏంటీ కంపు? నిద్రపోయావా?"

"లేదమ్మా."

"మీ నాన్న కాలం నుంచీ ఈ కాగు దగ్గర కడధార కలిసింది లేదు. ముక్కు దిబ్బడేసిందా?"

"ముక్కు బాగానే ఉందమ్మా. వాసన తెలిసింది."

"తెలిసి కుళాయి తిప్పవేం మరి?"

పాన్ఫిలో ఇప్పుడు తిప్పాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"లొరేతా ఇంకా అనలేదు కదా అని ఆగాను."

"ఏమనలేదు?"

"రోజూ అంటుంది కదా, కాగు దిగడం గురించి. ఆవిడ గుమ్మంలో పలకరించే గొంతు వినే మంట వేస్తాను. ఆ మాట అన్నాకే కుళాయి తిప్పుతాను. ఇవాళ వాసన వచ్చేసింది. ఇంకాస్త ఆగితే అంటుందేమో అనిపించింది."

ఇయోలే ఆయన్ని చూసింది, మా వదినను చూసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకొని పీట మీద కూర్చుంది.

"రేపు మళ్ళీ మరగబెడదాంలే," అంది ఎవరితోనో అన్నట్టు.

వదిన చేతిలో చక్కెర పట్టుకారు ఇంకా అలాగే ఉంది. మొహం కందిపోయింది.

"అది జోకు, పాన్ఫిలో."

"నీకు జోకు. నేను నవ్వడం చూశావా ఎప్పుడైనా?"

"వీపు చూసి నాకెలా తెలుస్తుంది?"

పాన్ఫిలో ఇటు తిరిగి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆయన మొహం చూసింది ఆ పూటే. ముసలి మొహం, భయపడ్డ మొహం.

వదిన ఆయన వైపు ఒక్క క్షణమే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. నిన్న నేను చెప్పకుండా ఉండిపోయిన జవాబు కోసం చూస్తోంది. నేను ఒక్కసారి మొహం తిప్పుకుంటే చాలు, ఆవిడ పట్టుకారు కింద పెట్టి, గొడుగు తీసుకొని, మళ్ళీ జన్మలో ఆ ఊసెత్తదు.

"బస్సు వేళయినట్టుంది మరిదీ," అంది మెల్లగా.

"అయింది. కానీ నీకు చోటు లేదు వదినా."

"చోటు లేదా?"

"బస్సు నిండిపోయింది."

నిండడానికి అక్కడున్నది ఎవరు, పిడికెడు మంది.

"మరి నేను ఇంటికెలా రావాలి?"

"నాకేం తెలుసు. ఆయనకు కాళ్ళున్నాయి, నీకు నోరుంది. నడుచుకుంటూ రండి."

వెనక్కి చూడకుండా నేను జనాన్ని తోలుకొని బయటికి వచ్చేశాను. వాన తగ్గింది. ఖాళీ సీట్లు వెనక గడగడలాడుతుంటే ఘాటు రోడ్డు దిగాను. నాకు ఏడుపొచ్చింది, ఎవరికోసమో నాకే తెలియలేదు. సమాధుల తోట మలుపులో బస్సు ఆపి అద్దం దించాను.

"అన్నయ్యా," అన్నాను, "వదిన ఇవాళ నాతో రావట్లేదు. నడిచొస్తుంది. పక్కన మనిషి ఉన్నాడు, నువ్వేం కంగారుపడకు."