పెన్సిల్‌తో రాసిన పేరు

మా నర్సమ్మ పోయిందన్న కబురు అయిజ బస్టాండులో అందింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఒంటరి ముసలివాళ్లు ఎండకు ఎలా ఉన్నారోనని పొద్దున్నుంచి పల్లెల్లో తలుపులు తట్టి, గద్వాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. రెండు రోజులుగా నర్సమ్మ తలుపు తీయకపోతే ఇంటి ఓనరే గడియ విరగ్గొట్టించాడట. గద్వాలలో నా గది వెనక వీధిలోనే ఆమె గది. ఆ రెండు రోజులూ నేను అటు పోలేదు.

మీరు ఆమెను చూసి ఉండరు. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. ఆ తర్వాత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మాలాంటి చిన్న స్వచ్ఛంద సంస్థల వాళ్లకు, వడగాడ్పులూ వరదలూ రాకముందే ఊళ్లను ఎలా సిద్ధం చేయాలో నేర్పుతూ బస్సుల్లో తిరిగేది. వనపర్తిలో మొదటి శిక్షణ రోజున మేం లావుపాటి ఫైళ్లతో వెళ్లాం. ఒకాయన లేచి తమ మండలంలో కుటుంబాలెన్నో చదవబోతే ఆమె ఆపింది.

"లెక్కలు నాకెందుకయ్యా? ఊర్ల ఒక్కరే ఉండేటోళ్లెవరు? జర పేర్లు చెప్పు."

మాలో ఒక్కరికీ తెలియదు. ఫైళ్లు మూసేశాం.

ఆ రోజే అందరి నోటుబుక్కుల్లో రెండు గళ్లు గీయించింది. మొదటి గడిలో ఒంటరి మనిషి పేరు. రెండో గడిలో, ఎండ ముదిరినా వాన ముంచెత్తినా పోయి ఆ తలుపు తట్టే మనిషి పేరు. తట్టే మనిషి పేరు ముందు పెన్సిల్‌తోనే రాయాలి. ఎదురుగా పోయి అడిగి, సరేనన్నాకే పెన్నుతో దిద్దాలి. "అడగందే ఎవరొస్తరు బిడ్డా? అడగనీకి సిగ్గెందుకు?" అనేది.

గోపాల్‌పేటలో ఒక ముసలమ్మకు పక్కింటామె తప్ప దిక్కులేదు. ఇద్దరికీ గోడ తగాదా, మాటల్లేవు. "అది నా గడప తొక్కొద్దు," అంది ముసలమ్మ. "తొక్కదులే, బయటినుంచే తడతది," అని నర్సమ్మ ఇద్దరినీ ఒప్పించింది. ఆ ఎండాకాలమంతా పక్కింటామె రోజూ తలుపు బాది, "ఉన్నవా, పోయినవా?" అని అరిచేది. "ఉన్ననే, నీకేంది?" అని లోపలినుంచి జవాబు. ఆ తిట్లు వినబడుతున్నంత కాలం మాకు బెంగ లేదు.

కృష్ణ పొంగిన ఏడు, ఒడ్డున ఉన్న ఊళ్లో చాటింపు వినపడని చెవిటి తాతను కూడా ఆ గళ్లే బయటికి తెచ్చాయి. పక్కింటాయన లోపలికి పోయి భుజం తట్టి లేపాడు. అందరూ నర్సమ్మను మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఒక్కతే బస్సెక్కి, కిటికీ దగ్గర కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టుకుంది. ఎప్పుడూ అంతే, ఎవరినీ పక్కన కూర్చోమనేది కాదు. తన గదికీ పిలిచేది కాదు. నేను పోతే చాయ్ గ్లాసులు గడప దగ్గరికే తెచ్చేది.

ఒకసారి ఆ గడప దగ్గరే అడిగాను. "అమ్మా, మరి నీ తలుపెవరు తడతరు?"

"నాకేమైతది? నేను నర్సును గద," అని నవ్వింది. నేనూ నవ్వేసి ఇంటికొచ్చాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది. ఇంకొక్క మాట అడిగి ఉండాల్సింది.

మట్టి చేసి వచ్చాక, తీసుకోవడానికి సొంతవాళ్లెవరూ లేరని ఓనరు ఆమె సంచి నాకిచ్చాడు. అందులో ఆమె నోటుబుక్కు ఉంది. గోపాల్‌పేట, వీపనగండ్ల, అయిజ, ఊరికో పేజీ, అన్నీ పెన్నుతో దిద్దిన పేర్లే. చివరి పేజీలో పైన "గద్వాల" అని ఉంది. మొదటి గడిలో "నేను" అని రాసుకుంది.

రెండో గడిలో నా పేరు ఉంది, పెన్సిల్‌తో. చెరిపి మళ్లీ రాసి, చెరిపి మళ్లీ రాసి, అక్కడ కాగితం పలచబడిపోయింది.